వంద కోట్లా ఏడుకి సన్మానం

వంద కోట్లా ఏడు అనే సంఖ్యని శేషం లేకుండా భాగించేవి రెండే. ఒకటీ, మళ్ళీ ఆ సంఖ్యే. ప్రధాన సంఖ్య అంటే అదే. ఈ సంగతి కంప్యూటర్ రెప్పపాటులో చెప్పేస్తుంది. గణితం ప్రొఫెసర్ లక్ష్మీపతి మాత్రం కంప్యూటర్ మొహం చూడకుండా, దాని వర్గమూలమైన ముప్పై ఒక్క వేల పైచిలుకు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి, చేత్తో తేల్చాడు. పదకొండేళ్ళు పట్టింది. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ఆయన పనిచేసే చోట ఒక్కడూ శభాష్ అనలేదు. ఒకాయన "ఎందుకు?" అని మాత్రం అడిగాడు. అప్పట్నుంచీ లక్ష్మీపతికి అన్నం సహించడం లేదు. ఎవరో ఒకరు ఆ సంఖ్యకి చప్పట్లు కొట్టాలి, ఆయనకి కావలసింది అంతే.

అందుకే ఆ ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో ఉన్న రైల్వే తెలుగువాళ్ళ సంఘం సన్మానం చేస్తామనగానే కొత్త పంచె కట్టుకుని, భార్య వసంతని వెంటబెట్టుకుని గంట ముందే వచ్చి కూర్చున్నాడు. మన సంఘాలకి సన్మానానికి మనిషి దొరకాలే గానీ, ఎందుకో ఏమిటో అక్కర్లేదు.

వేదిక వెనక ఇందా బజార్లో కొట్టించిన ఫ్లెక్సీ. లక్ష్మీపతి ఫొటో పక్కన మూరెడేసి అంకెలు: 1,00,00,00,008.

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"చివర ఏడు కదండీ బుజ్జిబాబు గారూ! ఎనిమిది వేశారేమిటి?"

సంఘం కార్యదర్శి బుజ్జిబాబు రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పెద్దమనిషి. రహస్యం చెబుతున్నట్టు దగ్గరికి జరిగాడు.

"తప్పు కాదు సార్, నేనే మార్పించినాను. మీ అంకెలన్నీ కూడితే ఎనిమిదొచ్చినాది. శని! మీ బొమ్మ పక్కన శనిని ఎలాగ కూకోబెడతాం? ఒకటి కలిపీసినాను. తొమ్మిదైపోనాది, దోషం పోనాది. వంద కోట్లలో ఒకటి ఎవుడికి కనిపిస్తాది సార్?"

అంకెల మొత్తం తొమ్మిదైతే ఆ సంఖ్యని తొమ్మిది భాగించేస్తుంది. ప్రధానత్వం కాస్తా గంగలో కలిసింది. పోనీ రెండు కలిపినా పరువు దక్కేది, వంద కోట్లా తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే. సరిగ్గా ఒకటే కలిపాడు మహానుభావుడు. లక్ష్మీపతికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇంటికి పోదాం పద," అన్నాడు భార్యతో.

"ముందు శాలువా కప్పించుకోండి. ఫొటో మా అన్నయ్యకి పంపాలి," అంది వసంత.

కప్పారు. మైకు చేతిలో పెట్టారు.

"ఈ నెంబరు గొప్పతనం ఏటో మా జనానికి సెప్పండి సార్," అన్నాడు బుజ్జిబాబు.

లక్ష్మీపతికి అబద్ధాలు రావు. తలతిప్పి ఫ్లెక్సీ వైపు చూశాడు. దాని గురించి నిజాయితీగా చెప్పదగ్గది ఒక్కటే తోచింది.

"ఈ సంఖ్య..." అంకెలు మనసులో మరోసారి కూడుకున్నాడు. "ఈ సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది."

హాలు దద్దరిల్లిపోయింది. వెనక వరసల్లో ఈలలు. "వాహ్ దాదా!" అని ఎవరో అరిచారు. చిట్టెమ్మ అనే ముసలావిడ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది.

పదకొండేళ్ళుగా లక్ష్మీపతి ఎదురుచూసిన చప్పుడు అదే. ఒళ్ళంతా పులకరించింది. శాలువా సర్దుకుని మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"రెండుతో కూడా పోతుంది!" అన్నాడు.