తిట్లు తినని ఇంజను

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గండ్రగొంతు అత్తయ్య గుమ్మంలో కూర్చునేసరికి, వీధిలోవాళ్ళు తుప్పు పట్టిన సామాన్లతో తయారుగా ఉండేవాళ్ళు. దర్జీ తన కత్తెర చాపితే, "సిగ్గులేదుటే నీకు? తిండి పెట్టే చేతినే కోస్తావా, విశ్వాసం లేనిదానా!" అనేది. తుప్పు జలజలా రాలిపోయేది. పక్కింటి తాళానికి రెండు తిట్లు చాలు, సైకిలు గొలుసుకి ఇంకాసిని పట్టేవి. మరీ మొండిఘటమైతే దాని వంశం మొత్తాన్ని ఎత్తాల్సి వచ్చేది. అందర్నీ పంపించి, గుమ్మంలో తుప్పు ఊడ్చుకుని, ఆవిడ తన పనిలో పడేది.

ఆ పని పెరట్లో ఉంది. పోయిన మొగుడు కొన్న పాత వ్యాను. లోపల మడత మంచం, చిన్న స్టవ్వు, కిటికీలకి ఆవిడే కుట్టిన పూల తెరలు. ఇద్దరూ అందులోనే ఉంటూ, అందులోనే వండుకుంటూ దేశమంతా తిరిగి రావాలని ఆయన ముచ్చట. "వచ్చే ఏడు పోదాంలే," అని ప్రతి ఏడూ అన్నాడు. చివరికి వ్యానుని వానకీ, ఆవిణ్ణి గుమ్మానికీ వదిలేసి తనొక్కడే పోయాడు.

ఇంజను దింపి చెక్క దిమ్మల మీద పెట్టారు. గ్యారేజీలో పనిచేసే మేనకోడలు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి విప్పుతోంది. మూడు పిస్టన్లు డీజిల్లో నాని, చెక్కసుత్తి దెబ్బలకి లొంగాయి. నాలుగోది మాత్రం సిలిండరుని కరుచుకుని కూర్చుంది.

"అత్తా, ఊరందరి తుప్పూ వదిలిస్తావు. దీన్ని కూడా రెండు తిట్టరాదూ?"

"నోరు రావట్లేదే. అది ఆయనది," అంది అత్తయ్య, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్టు ఇంజనుని తుడుస్తూ. "ఆయన్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు నేను. నెమ్మదిగా చెబుదాం. కదలవయ్యా, మా నాయన కదూ!"

ఇంజను బెల్లంకొట్టిన రాయిలా ఉండిపోయింది.

అప్పుడే మేనకోడలి తండ్రి, అంటే అత్తయ్య తమ్ముడు, పెరటి తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, మీ ఇంటి యజమాని ఈ ఇల్లు అమ్మేశాడట కదా. నువ్వుండటానికి మా వెనకగదికి సున్నం వేయించాను. ఆదివారం పాతసామాన్ల లారీ వచ్చి ఈ తుక్కు ఎత్తుకుపోతుంది."

"నేను వ్యానులో పోతానురా."

"అది కదిలితే కదా! మా ఇంట్లో నీకే లోటూ రానివ్వను. నోరు మాత్రం కట్టిపెట్టుకోవాలి, మాది పరువుగల వీధి." కాస్త ఆగి నవ్వాడు. "నిజం చెప్పాలంటే, నీ నోటికి జడిసే బావ ఏటికేడూ ప్రయాణం వాయిదా వేసుంటాడు పాపం."

"నాన్నా!" అంది మేనకోడలు.

అత్తయ్యకి ఒళ్ళు మండింది. తమ్ముడి మీద కాదు, వాడెప్పుడూ అంతే. చేతిలో గుడ్డ విసిరికొట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇంజను ముందు నిలబడింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, వింటున్నావా? నా నోటికి జడిశావుట! నీ దగ్గర ఎప్పుడు తెరిచానయ్యా నోరు? ఊరందర్నీ కడిగేసి నీ ముందు పిల్లిలా తిరిగానే! వచ్చే ఏడుట, వచ్చే ఏడు! నీ వచ్చే ఏళ్ళు తగలెయ్య! తెరలు వెలిసిపోయాయి, నా జుట్టు నెరిసిపోయింది, ఆ బండిని ఒక్క మలుపు తిప్పావా? మంచివాడు మంచివాడంటూ నీ బద్ధకాన్ని కూడా నెత్తిన పెట్టుకున్నాను చూడూ, నన్నూ అనాలి. పోతే పోయావు, నన్నిలా వాకిట్లో నిలబెట్టి పోతావా, చవట సన్నాసీ! లే! కదులు!"

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకాస్త తిట్టింది, ఇన్నేళ్ళ బాకీ కదా. ఇంజను ఒంటిమీద తుప్పంతా ఎర్రగా కుప్పపడింది. నాలుగో పిస్టన్ ఠంగుమని జారి కింద గోనెపట్టా మీద పడింది.

"వచ్చేసింది," అంది మేనకోడలు, దానికి తొడిగే కొత్త రింగులు అందుకుంటూ.

తమ్ముడు చెప్పుల మీద తుప్పు దులుపుకుని, "లారీవాడికి చెప్పేశాను మరి," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం లారీ వచ్చేసరికి ఇంజను మళ్ళీ వ్యానులో ఉంది. అత్తయ్య స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పగానే అది దగ్గింది, నల్లగా పొగ కక్కింది, అందుకుంది. తమ్ముడు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఒంటరిగా ఎక్కడికి పోతావు?"

"నా నోరు పట్టేంత చోటికిరా!"

ఆవిడ హారను మీద చెయ్యి తియ్యలేదు. లారీయే వెనక్కి వెళ్ళి దారి ఇవ్వాల్సి వచ్చింది.

వీధి చివర ఎత్తు దగ్గర ఇంజను సణగడం మొదలెట్టింది.

"ఏమిటీ? వచ్చే ఏడా?" అంది అత్తయ్య.

ఇంజను గబగబా ఎత్తు ఎక్కేసింది.