సముద్రానికి మైల లేదు

"సముద్రం యాడికీ పోదులే, ముందు చారు కాగనీ" అన్నాడు మా ఆయన, తలకి తువ్వాలు చుట్టుకుంటూ. బంగళాకి వచ్చిన మర్నాడు పొద్దున. అత్తయ్యనీ మరిదినీ వెంటబెట్టుకుని అమావాస్య స్నానానికి వెళ్ళిపోయాడు. నేను కుంపటి ముందు కూర్చుని విసనకర్ర విసురుతూ ఉండిపోయాను.

ఆళ్ళగడ్డలో పుట్టి ఆళ్ళగడ్డలోనే మెట్టిన నాకు నీళ్ళంటే బావి, లేదా వానొస్తే పారే వక్కిలేరు. నంద్యాల పోయినప్పుడు కుందూ నది చూసి అబ్బో అనుకున్నదాన్ని. అందుకే డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో, బడిపంతులైన మా ఆయన పార్థసారథి "బడికి సెలవలు కదా, వల్లికి సముద్రం చూపిద్దాం" అని నలుగురిలో అన్నప్పుడు పొంగిపోయాను. బాపట్ల అవతల ఒడ్డున ఎవరో పొగాకు వ్యాపారి కట్టించుకున్న బంగళా. దాన్ని వారానికి అద్దెకు మాట్లాడింది మా మరిది శేషాద్రి. సెలవలంటే నాక్కూడా సెలవలే అనుకున్నాను. అదీ నా తెలివి.

నంద్యాల స్టేషన్లో రైలెక్కించిన సామాన్లలో మగవాళ్ళవి రెండు సంచులు. మిగతాదంతా నా వంటిల్లే. కుంపటి, బొగ్గుల బస్తా, ఇత్తడి గిన్నెలు, చారు కాచే ఈయపు చెంబు, పూజపెట్టె, ఆఖరికి బావిలో నీళ్ళు తోడుకోవడానికి మా ఇంటి చేంతాడు, బొక్కెన. తరాలుగా అహోబిలం స్వామి కైంకర్యంలో ఉన్న ఇల్లు మాది. బయటి అన్నం తినరు, మడి కట్టకుండా పొయ్యి ముట్టరు. పొయ్యి ముట్టేది నేనే గనక వాళ్ళకది కష్టమనిపించదు.

మడి అంటే తెల్లవారకముందే స్నానం, ఒంటిమీద తడిచీర. ఆపైన నన్నెవరూ తాకకూడదు, నేను గడప దాటకూడదు. నైవేద్యం, వడ్డన, అంట్లు. పొద్దువాలితే మళ్ళీ స్నానం, మళ్ళీ వంట. మేం బంగళా చేరింది అర్ధరాత్రి చీకట్లో, వంటిల్లేమో వెనకవైపు. కిటికీలోంచి సరుగుడు చెట్లు తప్ప ఏమీ కనపడవు. కానీ వినపడేది. గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయేదాన్ని. అంత పెద్దది ఏదో ఇంటికవతలే ఉండి, అలుపన్నది లేకుండా ఊపిరి తీస్తుంటే, నేనిక్కడ చింతపండు పిసుకుతున్నానే అని ఒళ్ళు జలదరించేది.

స్నానం చేసొచ్చిన అత్తయ్య ఆండాళమ్మగారిని అడిగాను, ఎట్లుంది అత్తయ్యా అని.

"ఏముంది, నీళ్ళు" అంది. మళ్ళీ తనే, "పక్కనే బెస్తోళ్ళు గూడా మునుగుతాండారు. అయినా సముద్రానికి మైల లేదులే" అంది.

ఇక రోజూ సాయంత్రం నేను చీర సర్దుకోవడం, ఏదో ఒకటి అడ్డు రావడం. "పకోడీలు వేసి పోరాదా" అనేవాడు మరిది. "చీకటి పడుతాంది, ఆడదానివి యాడికి పోతావు" అనేవాడు మా ఆయన. వాళ్ళ కాళ్ళకంటుకున్న ఇసుక మాత్రం వంటింటి గడప దాకా వచ్చేది. ఊడ్చే ముందు కాసేపు గుప్పిట్లో పట్టుకునేదాన్ని. నేను చూసిన సముద్రం అంతే.

ఆఖరి రోజు వచ్చింది. మర్నాడు తిరుగు రైలు. బంగళా కాపలా మనిషి మత్తయి నా పాట్లు వారమంతా చూసినట్టున్నాడు. నేను లేచేసరికే బావిలో నీళ్ళు తోడి గంగాళం నింపి పెట్టాడు.

"రోజూ మీరే తోడుకుంటన్నారండి. ఇయ్యాలన్నా బేగా పని కానిచ్చుకుని ఒడ్డుకెళ్ళి రండమ్మా" అన్నాడు.

బుద్ధెరిగాక నాకోసం ఇంకొకరు నీళ్ళు తోడడం అదే మొదలు. ఇంతలో అత్తయ్య వచ్చి చూసింది. గంగాళం ఒంపించింది. అతను ముట్టుకున్న చేంతాడూ బొక్కెనా ఇక మడికి పనికిరావంది. మత్తయి తల వంచుకుని వెళ్ళిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు నీ స్నానం ఎట్ల? నైవేద్యానికి పొద్దుపోతాంది" అని తనే కంగారు పడింది.

"సముద్రానికి మైల లేదంటిరి కదత్తయ్యా. ఆడ మునిగొస్తా" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ఆవిడ పూజపెట్టె వైపు చూసింది. "మునిగి బిరీన రా. యాడా నిలబడొద్దు" అంది.

బంగళా చుట్టూ తిరిగి ముందువైపుకి వచ్చాను. నిలబడిపోయాను. మా ఊళ్ళో ఎటు చూసినా పొలాల చివర నల్లమల కొండ అడ్డం ఉంటుంది. చూపు వెళ్ళి దానికి ఆనుకుంటుంది. ఇక్కడ అడ్డం లేదు. చూపు పోతోంది, పోతోంది, ఆగడానికి చోటు లేదు. అంచున అప్పుడే ఎర్రగా సూర్యుడు లేస్తున్నాడు. ఆ వెలుగు నీళ్ళమీద పరుచుకుని తిన్నగా నా కాళ్ళ దాకా వచ్చింది. నాకు తెలీకుండానే చేతులు జోడించాను. ఏడుస్తున్నానని పెదవులకి ఉప్పు తగిలాక తెలిసింది. 'ఏముంది, నీళ్ళు' అందే ఆవిడ! అయ్యో అత్తయ్యా, పొయ్యి పొగలో నీ చూపు ఎన్నేళ్ళ కిందట పోయిందో కదా అని మొదటిసారి ఆవిడమీద జాలేసింది. లోపలికి నడిచి మునిగాను. కెరటం నన్నెత్తి, ఇంత బరువున్న నన్ను, పసిపిల్లలా ఒడ్డున కూచోబెట్టింది. ఇంత గొప్పది ఎవరికీ ఏదీ వండిపెట్టకుండానే ఇంత గొప్పగా ఉంది. నేను లేవలేదు. లేవాలనిపించలేదు.

ఎండ చురుక్కుమంటుండగా మా ఆయన వచ్చాడు.

"ఏందే ఇది? నైవేద్యం లేదు, చారు లేదు. అమ్మ ఆకలికి అల్లాడుతాంది. లెయ్" అంటూ నా రెక్క పట్టుకోబోయాడు.

"ముట్టుకోవాకండి, మడిలో ఉండా" అన్నాను.

చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ నన్ను పొయ్యి దగ్గర కట్టేసిన మాట అది. దాన్ని దాటే ధైర్యం ఆయనకీ లేదని అప్పుడు తెలిసింది. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎంతసేపు ఈడనే కూచుంటావు?"

"చీర ఆరినాక వస్తా" అన్నాను. ఇంకో కెరటం వచ్చి నన్ను నడుందాకా తడిపి వెళ్ళింది.