చుట్ట కొసకు పూసే జిగురు

మూడోసారి కూడా కట్ట వెనక్కి వచ్చింది.

చుట్టల కొట్టాయన దాన్ని బల్ల మీద పెట్టి, దారం విప్పి, ఒక చుట్టను వేళ్ళ మధ్య తిప్పి చూపించాడు. నోట్లో పెట్టుకునే కొస దగ్గర తెల్లగా, నూగులా బూజు.

"చుట్టడానికి నేనేం వంక పెట్టడం లేదమ్మా. అచ్చు పోసినట్టుంటాయి మీ చుట్టలు. కానీ వారం తిరక్కుండానే వీటికి గడ్డం మొలుస్తోంది. ఎవరు నోట్లో పెట్టుకుంటారు చెప్పండి?"

ఆమె బల్ల దగ్గరికి జరిగింది. కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ తర్వాత, చెమ్మ ఇక్కడిదేమోనని కొట్టు గోడల వంకా పైకప్పు వంకా చూసింది. కొట్టాయన నవ్వు ఆపుకున్నాడు. ఆమె సంగతి ఆయనకు తెలియనిది కాదు. చుట్టల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు పనిచేసినన్నాళ్ళూ తోటివాళ్ళు ఆమెను భూతద్దం అనే పిలిచేవారు. తూకం వేసే మనిషిని నమ్మేది కాదు, ఆకు తెచ్చే బండివాణ్ణి నమ్మేది కాదు, ఆఖరికి గోడ గడియారాన్ని కూడా నమ్మేది కాదు. గడియారాలు బాగుచేసే మొగుడు దొరకడం ఆమె అదృష్టమో అతని ఖర్మో గానీ, "అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో దానికి అద్దం కూడా ఉంది" అని అతను ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అనేవాడు.

కార్ఖానా మూతపడి ఆరు నెలలైంది. అప్పటినుంచి ఆమె ఇంట్లోనే కిటికీ పక్కన చెక్కబల్ల వేసుకుని చుడుతోంది. ఆకు పాత చోటు నుంచే వస్తోంది. కత్తి పాతదే. చేతులూ పాతవే. కొత్తగా ఆమె నెత్తిన పడిందల్లా జిగురు.

చుట్టకు జిగురు ఎంత కావాలి గనక? లోపలి ఆకు పొందిగ్గా చుట్టి, పై ఆకును ఏటవాలుగా తిప్పుకుంటూ వచ్చాక, కొస దగ్గర వేలి చివరతో ఒక్క చుక్క. కానీ ఆ చుక్క పట్టకపోతే చేసిన పనంతా మనిషి నోట్లోనే విచ్చుకుంటుంది. కార్ఖానాలో ఆ చుక్క గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. తెల్లారేసరికి ఒక్కొక్కరి ముందూ జిగురు సిద్ధంగా ఉండేది. వెనక గదిలో తలుపు వేసుకుని ఏళ్ళ తరబడి దాన్ని కలిపింది ఎవరో కాదు, స్వయానా ఆమె వదిన. ఆ జిగురు పూసిన చుట్ట ఏడాది మూలపడి ఉన్నా బూజన్న మాట ఎరగదు.

అందుకే మొట్టమొదట వదిననే అడిగింది. అన్న పోయి మూడేళ్ళు. వదిన రెండు వీధుల అవతల ఒంటి గదిలో ఉంటూ, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి వెళుతోంది.

"ఏముంది, పిండీ నీళ్ళూ. మరిగించాలి" అంది వదిన.

"అంతేనా?"

"అంతే."

అంటూ అంటూనే వదిన మడిచిన దుప్పటిని విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. భూతద్దానికి ఆ ఒక్కటి చాలు. అంతే కాదన్నమాట!

ఇంటికొచ్చి పిండీ నీళ్ళూ మరిగించింది. రెండోరోజుకు పులిసింది, వారానికి బూజెక్కింది. పోనీలెమ్మని తుమ్మబంక నానబెట్టి పూసింది. చూడ్డానికి అద్దంలా మెరిసింది గానీ, ఆరాక పెళుసెక్కి, కొస పెదవి తగలగానే పెచ్చులూడింది. సగ్గుబియ్యం ఉడికించి వడగట్టిన జిగురు బాగానే పట్టింది; తెల్లారి లేచి చూస్తే పళ్ళెం చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. చివరికి వీధి చివర వడ్రంగి దగ్గర తెల్లజిగురు అడిగి తెచ్చింది. అది రాయిలా పట్టింది. మొగుడు ఆ చుట్టను వెలిగించి రెండు దమ్ములు లాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, కిటికీలోంచి బయటికి విసిరాడు.

"దువ్వెన కాల్చినట్టుందే. నన్ను వదిలించుకోవాలంటే నోటితో చెప్పు, నేనే పోతాను."

"మా వదిన చెప్పడం లేదండీ. మందు ఏదో ఉంది. తెలిసి దాస్తోంది."

"ఎందుకు దాస్తుంది? ఆవిడకేం వస్తుంది?"

"అదే కదా తేలాల్సింది."

తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదని ఆమె అనుకుంది. నాలుగో కట్ట పట్టుకుని కొట్టుకు వెళ్ళినప్పుడు, మెట్ల మీద వదిన నిలబడి కొట్టాయనతో ఏదో గుసగుసలాడుతోంది. ఆడపడుచును చూడగానే మాట ఆపేసి, "పనుంది, వస్తా" అని తల వంచుకుని వెళ్ళిపోయింది.

"మా వదినకు మీ కొట్లో ఏం పని?" అంది ఆమె. కొట్టాయన బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"మీ గురించేనమ్మా. పది రోజులకోసారి వస్తారు. మీ చుట్టలు ఎలా ఉంటున్నాయి, ఏ జిగురు వాడుతున్నారు, బూజు పడుతోందా లేదా అని అడుగుతారు. పడుతోందంటే..." ఆయన ఆగాడు.

"పడుతోందంటే?"

"సంతోషిస్తారమ్మా. నాకూ వింతగానే ఉంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటి దాకా నడిచిన ఆ కాసేపట్లోనే మొత్తం కథ అల్లేసుకుంది. వదిన కార్ఖానా మేస్త్రీతో కలిసి సొంతంగా చుట్టలు మొదలుపెట్టబోతోంది. తన సరుకు పాడైతే కొట్టు వాళ్ళకు దక్కుతుంది. అన్న బతికున్నప్పుడు ఇంట్లో అందరూ ఆమెను ఆడపడుచు అర్ధమొగుడు అని ఆటపట్టించేవారు. ఆ పాత ఉక్రోషం వదిన ఇప్పుడు తీర్చుకుంటోంది కాబోలు! ఎంత ఆలోచిస్తే అంత అతికినట్టు కుదిరింది.

వదిన గది తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది, అవసరానికి పనికొస్తుందని వదినే ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం, వదిన పనిలో ఉండే వేళ చూసి ఆమె బయల్దేరింది. గది బయటి కొళాయి కట్టేసి ఉందో లేదో చూసొద్దామని తనకు తానే చెప్పుకుంది. కొళాయి కట్టేసే ఉంది. అయినా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

చిన్న గది. మంచం, కుర్చీ, గోడకు అన్న ఫొటో. నోట్లో చుట్ట లేకుండా అన్నను ఆమె చూసింది ఆసుపత్రి మంచం మీదే. ఫొటోలో కూడా చుట్ట ఉంది. ఆ ఫొటో వైపు వీపు పెట్టి అల్మరా తెరిచింది. బట్టల వెనక, కింది అరలో, మూత బిగించిన బిస్కెట్ల డబ్బా. డబ్బాలో పాతగుడ్డ, గుడ్డలో మందపాటి కాగితం పొట్లం. విప్పితే నీలంగా, పటికబెల్లం ముక్కల్లాంటి పలుకులు.

దొరికింది! కార్ఖానా జిగురుకు ఎప్పుడూ ఒక సన్నటి నీలిఛాయ ఉండేదని, అది గిన్నె రంగని తాననుకునేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒక పలుకు తీసి వేళ్ళ మధ్య పట్టుకుంది.

"నోటి దగ్గరికి తేకు."

గుమ్మంలో వదిన. ఆమెలో కోపం లేదు. పరిగెత్తుకొచ్చినట్టు ఊపిరి ఎగపోస్తోంది. "పని ముందే అయిపోయింది. మీ ఆయన గడియారాల దుకాణం ముందునుంచి వస్తుంటే, నువ్వు ఇటే వచ్చావన్నాడు. కింద పెట్టు అది. చేతులు కడుక్కో."

దొంగలా దొరికిపోయిన సిగ్గు కోపంగా మారడానికి క్షణం పట్టలేదు. "పిండీ నీళ్ళూ అన్నావు! ఇదేంటి మరి? నా సరుకు బూజు పడితే నీకు సంతోషమా? ఎవరితో కలిసి పెడుతున్నావు వ్యాపారం?"

"వ్యాపారమా?" వదిన మంచం అంచున కూలబడింది. "అది మైలుతుత్తం. మొక్కల తెగుళ్ళకు కొడతారే, అది. మేస్త్రీ పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. గిన్నెకు చిటికెడు వేయమనేవాడు, వానలప్పుడు రెండు చిటికెలు. ఎవరికీ చెప్పొద్దనేవాడు. నేను వేశాను. పదిహేడేళ్ళు వేశాను."

"జిగురులోనా? నోట్లో పెట్టుకునే కొసకు పూసేదాంట్లోనా?"

"అందులోనే. విషమని నాకు తెలిసేటప్పటికి మీ అన్నయ్య నోట్లో పుండు లేచింది. ఆ నెలే అక్కడ పని మానేశాను. డాక్టర్‌ను అడిగాను, దీనివల్లేనా అని. ఆ జబ్బుకు పొగాకు చాలమ్మా, ఇంకేదీ అక్కర్లేదు అన్నాడు. నిజమే అయ్యుంటుంది. కానీ నాకు నమ్మకం చిక్కలేదు. ఈ రోజుకీ చిక్కలేదు."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాడతావేమోనని భయం. బూజు పడుతోందని కొట్టాయన అంటే, హమ్మయ్య, ఇంకా దీని జోలికి పోలేదు అనుకునేదాన్ని. ఆ పొట్లం నాతో ఎందుకుంచుకున్నానంటావా, పని మానేసిన రోజు అక్కడ వదలబుద్ధి కాలేదు. కాలవలో పోస్తే ఎవరి నీళ్ళలో కలుస్తుందో తెలియదు."

భూతద్దానికి ఆ మాటలో ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టనిపించింది. "ఇదొక్కటే కాదు వదినా. ఇంకోటేదో ఉంది. చెప్పు."

వదిన చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. సబ్బునీళ్ళకు నాని తెల్లబడ్డ చేతులు.

"మీ అన్నయ్య చుట్టలు ఏనాడైనా కొన్నాడా? బస్సుల డిపోలో టైర్లు మారుస్తూ, వెలిగించినా వెలిగించకపోయినా కొస నములుతూనే ఉండేవాడు. ఆ చుట్టలు ఎవరు తెచ్చిచ్చారు?"

రోజూ సాయంత్రం కార్ఖానా నుంచి వస్తూ వంకర పోయినవి, పొట్టివి ఏరి, కొంగున ముడేసుకుని, అన్నకు ఇచ్చి వచ్చింది తనే. అన్న ముఖం వెలిగిపోతుంటే చూసి మురిసిపోయింది కూడా తనే.

"కలిపింది నేను, అంటించింది నువ్వు, తెచ్చిచ్చింది నువ్వు" అంది వదిన మెల్లగా. "నేనెలాగూ మోస్తున్నాను. ఇంకొకరు కూడా మొయ్యడమెందుకని ఊరుకున్నాను."

ఆమె నేల మీద కూర్చుని, వదిన మోకాలి మీద తల పెట్టి, అన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. వదిన ఓదార్చలేదు. తల మీద చెయ్యి మాత్రం వేసింది. మధ్యలో ఒక్క క్షణం, కళ్ళు తుడుచుకుంటూ, ఆమె చూపు మంచం మీది పొట్లం మీద పడింది. చిటికెడు చాలు, కట్టలు వెనక్కి రావు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. దాన్ని వదిన చూసిన మాట కూడా నిజం.

"ఇప్పుడే ఇచ్చేసొద్దాం పద" అని ఆమే లేచింది.

ఇద్దరూ కలిసి మొక్కలు పెంచి అమ్మే తోటకు నడిచారు. తోట మనిషి పొట్లం విప్పి చూసి, ఇలాంటిది ఇంట్లో పెట్టుకుంటారా అని కేకలేసి, తన మందుల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళం పడిందో లేదో ఆమె చేత్తో లాగి మరీ చూసింది.

ఆ ఆదివారం వదిన ఆమె ఇంటికొచ్చి, చెక్కబల్ల ముందు కూర్చుని, ఆమె చుడుతుంటే గంటసేపు ఊరికే చూసింది. "జిగురును తిట్టుకుంటున్నావు గానీ తప్పు దానిది కాదు" అంది చివరికి. "చుక్క చాలన్నచోట మూడు చుక్కలు పూస్తున్నావు. ఊడుతుందేమోనని అనుమానం నీకు. పైగా తడి ఆరకుండానే కట్ట కడుతున్నావు. లోపల చెమ్మ ఎటు పోతుంది?"

ఆ రోజు నుంచి సగ్గుబియ్యం జిగురే ఖాయమైంది. ఏ రోజుది ఆ రోజే, గిన్నెకు సగం, మిగిలింది పారబోత. పళ్ళేన్ని నీళ్ళ మధ్య పెడితే చీమల బెడద పోయింది. చుట్టలను నీడన, గాలి తగిలేలా మూడు రోజులు పరిచాకే కట్ట. మొదటి కట్టను మొగుడు వాసన చూసి, నాలిక కొసతో తాకి, "దువ్వెన వాసన లేదు" అని ఒప్పుకున్నాడు. కొట్టాయనకు మాత్రం అది నచ్చలేదు. రెండు నెలలు నిలవుండే సరుకు కావాలన్నాడు. "రెండు నెలలుండేది నేను చెయ్యను. రెండు వారాల్లో అమ్ముడుపోయేంతే ఇస్తాను. ఇష్టమైతే తీసుకోండి" అంది ఆమె. ఆయన గొణుక్కుంటూనే తీసుకున్నాడు. కట్టలు తక్కువే వెళుతున్నాయి గానీ వెనక్కి రావడం లేదు.

అన్నకు ఆ పుండు దేనివల్ల లేచిందో వాళ్ళిద్దరికీ తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు. దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

సెలవు రోజుల్లో వదిన వచ్చి జిగురు ఉడికిస్తుంది. దించి వడగట్టి బల్ల మీద పెట్టగానే, భూతద్దం వేలు ముంచబోయి ఒక్క క్షణం ఆగుతుంది. వంగి రంగు చూస్తుంది. ఆ ఆగడం ఆమె చేతిలో లేదు. వదిన అది గమనిస్తుంది. గిన్నెను కిటికీ వైపు, ఎండ పడేచోటికి కాస్త జరిపి, వేలు ముంచే దాకా పక్కనే నిలబడుతుంది.