చివరి పేరాలో సిద్ధమ్మ

కట్ట తాడు పళ్లతో కొరికి తెంపి, పేపర్ల మధ్య నుంచి ఒకటి లాగాడు మునిరామయ్య. బంగారుపాళ్యం బస్టాండులో తెల్లవారగానే అతను చేసే మొదటి పని అదే. పేపరు ఏజెంటూ అతనే, మండల విలేఖరీ అతనే. పరీక్ష నంబరు వెతుక్కునే పిల్లవాడిలా రోజూ తన వార్త కోసం వెతుక్కుంటాడు.

ఈ రోజు మాత్రం ముందుగా కెనడా కంటబడింది. అరపేజీ, అదీ రంగుల్లో! ఎక్కడో ఉత్తరాన ఒక మంచు పల్లె. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదుగానే లారీలు ఆ ఊరికి సరుకులు తెస్తాయట. ఈ ఏడు చలి చాలక గడ్డ సరిగా కట్టలేదు, లారీలు రాలేదు. మంచు నేల కరిగి ఇళ్లు పక్కకు ఒరిగాయి. మేరీ అనే ముసలావిడ పేరుతోనే వార్త మొదలైంది. ఆమె వయసు, ఆమె కుక్క, ఆ పొద్దు ఆమె పాలు లేకుండా తాగిన టీ, ఏదీ వదల్లేదు. కింద ‘అనువాదం: చక్రధర్’ అని ఉంది.

మునిరామయ్యకు కడుపు మండిపోయింది. ఈ చక్రధర్ ఒకప్పుడు ఇదే బెంచీ మీద తన పక్కన కూర్చుని వార్త రాయడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు తిరుపతి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, కంటితో చూడని ఊరి గురించి రాసి పేరేయించుకుంటున్నాడు. ఎండనపడి ఊళ్లు తిరిగే తన పేరు ఒక్కనాడైనా పడిందా? చక్రధర్‌ను ఎలాగో సహించగలడు గానీ ఆ మేరీని సహించడం అతనివల్ల కాలేదు. అప్పటికే ఆమెను మనసులో మేరమ్మను చేసి తిట్టుకుంటున్నాడు.

తన వార్త లోపలి పేజీలో ఒక మూల నక్కి ఉంది. ‘ఎండుతున్న మామిడి తోటలు: ఎమ్మార్వో పరిశీలన.’ నాలుగే లైన్లు. సిద్ధమ్మ పేరు లేదు.

ఉండవలసింది ఆ పేరే. మూడేళ్లుగా వానలు మొహం చాటేశాయి. సిద్ధమ్మ మామిడి తోటలో బోరు ఎండింది. పక్క ఊళ్లో ఒక రైతు పేరు పేపర్లో పడగానే అతని తోటకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. "నా పేరు గూడా ఎయ్యప్పా, సెట్లు బతుకుతాయి" అని సిద్ధమ్మ అడిగితే మునిరామయ్య మాటిచ్చాడు. రాసిన ప్రతిసారీ ఆ పేరు ఎగిరిపోతోంది.

ఎస్టీడీ బూతులోకి వెళ్లి తిరుపతికి ఫోను చేశాడు.

"కెనడా ముసిల్దానికి అరపేజీ ఏస్తివి. మన సిద్ధమ్మకు ఒక్క లైను లేదా? ఆ మేరమ్మేమన్నా నీకు సిన్నమ్మా?"

చక్రధర్ నవ్వలేదు. "సిద్ధమ్మను నువ్వు యాడ రాసినావన్నా? చివరి పేరాలో. ముందు ఎమ్మార్వో, ఎనక మండలాధ్యక్షుడు, ఆ ఎనక సర్పంచి. జాగా సాలకుంటే కింద నుంచే గదా కోసేది."

"పెద్దోళ్ల పేర్లు ముందు రాయకుంటే రేపు వాళ్ల ముందర నిలబడేదెట్లా?"

"నాకూ నువ్వు అదే నేర్పినావన్నా. ఈడికొచ్చినాక మానుకున్నా."

ఫోను పెట్టేశాక కూడా కోపం పోలేదు. దాన్ని ఎవరి మీద పెట్టాలో మాత్రం తెలియలేదు.

బెంచీ మీద కూర్చుని మళ్లీ రాశాడు. ‘సిద్ధమ్మ తెల్లవారకముందే బిందె చంకన పెట్టుకుంటుంది’ అని మొదలుపెట్టాడు. చచ్చిన చెట్టు చోట ఆమె నాటిన అంటుమొక్కనూ, దాని పక్కన భూమిలో పాతిన చిల్లికుండనూ, అందులోంచి బొట్టుబొట్టుగా వేరుకు దిగే నీటినీ రాశాడు. ఎమ్మార్వోను చివరి లైనుకు తోసేశాడు. చదువుకుని, ‘ఇప్పుడు రా మేరమ్మా’ అనుకున్నాడు.

వార్తల కవరు రోజూ మధ్యాహ్నం బస్సులో కండక్టరు చేతి మీదుగా తిరుపతి పోతుంది. బస్సు వచ్చి ఆగింది. కవరు పట్టుకుని మెట్టు దగ్గరికి వెళ్లేసరికి, మూటతో సిద్ధమ్మ ఎదురైంది.

"యాడికక్కా?"

"రేణిగుంటకప్పా. గోడౌన్లో ఊడ్సే పని ఉండాదంట."

"మరి సెట్లు?"

"అమ్మేసినా. నిన్న కోసేసినారు. లారీ గూడా ఎళ్లిపోయినాది. ఇంగా ఎండితే కట్టెకు గూడా ఎవురూ అడగరంట."

ఆమె చూపు అతని చంకలోని పేపర్లో మేరీ ఫొటో మీద పడింది. "ఎవురప్పా ఈయమ్మ?"

మునిరామయ్య అయిష్టంగానే రెండు ముక్కల్లో చెప్పాడు.

"అయ్యో పాపం! ఇల్లు ఒరిగిపోతే ఇంగ యాడికి పోతాదో" అంది సిద్ధమ్మ.

ఆమె జాలి కూడా కెనడాకే పోయింది.

"కవరియ్యప్పా, టైమయిపోయినాది" అని కండక్టరు చెయ్యి చాచాడు. ఇచ్చాడు. సిద్ధమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆమే, ఆమె పేరూ ఒకే బస్సులో వెళ్లిపోయాయి.

వార్తకు ఫొటో కావాలి గదా, రేపటి కవరులో పంపొచ్చు అని మోపెడ్ మీద తోటకు వెళ్లాడు. ఎటు చూసినా మొద్దులే. రంపపు పొట్టు ఇంకా పచ్చివాసన వేస్తోంది. ఎవరికీ పనికిరాదని అంటుమొక్కను వదిలేశారు. దాని పక్కన కుండ మూతి మీద కొబ్బరి చిప్ప బోర్లించి ఉంది. చిప్ప ఎత్తి చూశాడు. పొద్దున సిద్ధమ్మ పోసిన నీళ్లు కుండలో ఇంకా సగానికి ఉన్నాయి.