బూట్ల అడుగున పేరు

టింబర్ పెదవుల మధ్య నుంచి మేకు తీసి బూటు మడమలో దిగ్గొడుతుండగా పాన్సీ దుకాణంలోకి వచ్చింది. ఆయన తల ఎత్తకుండానే అరమీది నల్లబూట్లు అందించాడు. అడుగున సుద్దతో 'పాన్సీ' అని ఉంది. ఏ జత ఎవరిదో తెలియడానికి ఆయన పద్ధతి అది. మా జమైకావాళ్లకు చిన్నప్పుడు ఎవరో తగిలించిన ముద్దుపేరే చచ్చేదాకా ఉంటుంది. అసలు పేరు సమాధిరోజున పంచే కాగితంలో చూసి ముక్కున వేలేసుకుంటాం.

"ఓటేసొచ్చావా?" అన్నాడు టింబర్.

"ఎవరికెయ్యను? మీ చెల్లెలి పేరే లేదక్కడ. ఎవరో ఆల్బర్టా లిండో అట. కాగితం ఖాళీగా మడిచి డబ్బాలో పడేసొచ్చా."

సుత్తి ఆగిపోయింది.

"ఆల్బర్టా అంటే మన బర్డీయే, పాన్సీ."

"మరి బర్డీ అని రాసుకోడానికేం రోగం?"

"గౌరవంగా ఉంటుందనుకుంది, పిచ్చిది!"

బర్డీ బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది. లోవెల్ రోడ్డులో ముసలివాళ్లు కూర్చునే హాలు మూసేస్తామన్నారని ఏ పార్టీ లేకుండా కౌన్సిల్‌కు నిలబడింది. మా వీధి మనిషి ఆ కౌన్సిల్‌లో ఇంతవరకూ కూర్చోలేదు. కరపత్రాల మీద ఆమె బొమ్మ, 'మన బర్డీ' అన్న మాట ఉన్నాయి. ఓటుకాగితం మీద బొమ్మ ఉండదుగా.

టింబర్‌కు ఒళ్లు మండింది, తన మీదే. ఐదేళ్లు పనిచేసి వెళ్లిపోదామని ఇంగ్లండు వచ్చి, ఇక్కడే ముసలివాడయ్యాడు. వెళ్లిపోయేవాళ్లకు ఓటెందుకని చెల్లెలితో జీవితమంతా వాదించాడు. మొదటిసారి ఈ పొద్దునే వేశాడు. అన్న గనక ఆ పేరు చూడగానే పోల్చుకున్నాడు. ఇంకెవరికీ తెలియదన్న సంగతి తట్టనే లేదు.

బర్డీ జత తప్ప అరమీది బూట్లన్నీ తిప్పి, ప్రతి అడుగున 'బర్డీ అంటే ఆల్బర్టా లిండో' అని రాశాడు. సంచుల్లో వేసి దుకాణం మూశాడు.

"నా ఓటెలాగూ గంగలో కలిసింది. ఒక సంచి ఇటివ్వు," అంది పాన్సీ.

ఇల్లిల్లూ తిరిగారు. గుమ్మంలో ఫిట్జీ పగలబడి నవ్వాడు.

"ఇంటికి తెచ్చిస్తున్నావా! సూర్యుడు పడమట పొడిచాడేంటి? ఇదేంటి, కుట్టనే లేదు?"

"రేపు కుడతాలే. అడుగున చదివి, పోయి ఓటెయ్యి."

"చెప్పొచ్చావులే! జన్మలో ఓటేసిన మొహమా నీది?"

"పొద్దున వేశా. ఇన్నాళ్లూ వెయ్యకపోవడం నా బుద్ధితక్కువ. ఇక కదులు."

ఫిట్జీ నవ్వు ఆపి కోటు అందుకున్నాడు.

సాయంత్రానికి టింబర్ కాళ్లు బరువెక్కాయి, ఛాతీ పట్టేసింది. వేయించిన చేప పొట్లంతో బర్డీ వచ్చింది.

"అన్నయ్యా, ఆ చెమటేంటి? డాక్టర్ దగ్గరికి పోదాం పద."

"ముందు నీ ఓట్ల సంగతి చూసుకో, ఫో."

"నా గోధుమరంగు బూట్లు?"

"రేపు తీసుకో."

ఆమె వెళ్లాక ఆ బూట్లకు కొత్త అడుగులు వేశాడు. సుద్దతో రాసి అరమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దున పాన్సీ వచ్చి పిలిస్తే పలకలేదు. చేప పొట్లం విప్పనే లేదు.

మధ్యాహ్నం ఫలితం తెలిసింది. తేడా ఎంత తక్కువంటే రెండుసార్లు లెక్కపెట్టారట. బర్డీ గెలిచింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఏడుస్తూ కూర్చుంది.

సమాధిరోజున ఫిట్జీ కాగితం చూసి, "ఈ లియోపోల్డ్ ఎవరు?" అని గొణిగాడు. పాన్సీ మోచేత్తో పొడిచింది. మరుక్షణం అతనికి దుఃఖం ఆగలేదు.

బర్డీ పాత బూట్లతోనే కౌన్సిల్‌కు వెళ్లింది. కొత్త అడుగులేసిన గోధుమరంగు జత తొడిగితే సుద్ద చెరిగిపోతుందని ఆమె భయం. ఓట్లు లెక్కపెట్టకముందే ఆయన 'కౌన్సిలర్ ఆల్బర్టా లిండో' అని రాసిపెట్టిన ఆ బూట్లు, అడుగులు పైకి తిరిగి, ఇప్పటికీ ఆ అరమీదే ఉన్నాయి.