గడప ఎత్తు

రోడ్డు కంట్రాక్టరు ఎక్కడున్నాడో గాని, ఆ పూట అతనికి పొలమారే ఉంటుంది. కర్రాయన నడిరోడ్డులో నిలబడి, అంగుళాల గీతలున్న పొడుగాటి కర్రతో ఒక్కొక్క ఇంటి గడప ఎత్తు కొలుస్తూ, కొలిచినప్పుడల్లా అతన్ని తిట్టిపోస్తున్నాడు. పాత తారు గీకకుండా దానిమీదే కొత్త తారు పోస్తాడు ఆ పుణ్యాత్ముడు. పోసిన ప్రతిసారీ రోడ్డు జానెడు లేస్తుంది. ఇళ్లు ఉన్నచోటనే ఉండి పల్లమైపోతాయి. వాన పడితే నీళ్లకి దారి వెతుక్కునే శ్రమ కూడా ఉండదు.

కర్రాయనది బీమా కంపెనీలో కొలతల పని. రోడ్డు కన్నా గడప ఎంత ఎత్తున ఉందో చూసి పంపుతాడు. ఆ అంకెను బట్టే వరద బీమా. ఏళ్ల తరబడి ఎండకి మెడ వెనక చర్మం పాత చెప్పులా ముడతలు పడింది. కుడి మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు.

"ఏం కర్రాయనా, మా కొట్టు మునుగుతుందా, తేలుతుందా?" కిరాణా కొట్టతను కేకేశాడు.

"నీ తూకాలు తేలినంత తేలిగ్గా తేలదులే!"

ఇద్దరూ నవ్వారు. కర్రాయన నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయింది. తర్వాతది అక్క ఇల్లు.

అక్కా బావా ముందుగదిలో పరుపులు కుట్టి బతికేవాళ్లు. రెండేళ్ల కిందట బీమా మార్చేటప్పుడు "ఒకసారి వచ్చి కొలిచిపోరా" అంది అక్క. ఇన్ని వీధుల గడపలు కొలిచినవాడు ఆ ఒక్క గడపా కొలవలేదు. కళ్లు మూసుకున్నా కనబడే ఇల్లు, మూడు మెట్లు, దానికి కొలతేమిటి అనుకున్నాడు. ఆఫీసులో కూర్చునే ముప్పై అంగుళాలని రాసేసి, "మీకు వరద బీమా దండగ, తీసేయించా" అని మెప్పు కొట్టేశాడు. అప్పటికే రోడ్డు రెండు మెట్లను మింగేసింది. వారం వారం ఆ ఇంటికి వెళ్లే కాళ్లకి ఆ సంగతి తెలియనే లేదు.

కిందటి వానాకాలం ముందుగదిలో నీళ్లు నడుము దాకా వచ్చాయి. దూదంతా కుళ్లిపోయింది. తడిసి బండరాళ్లయిన పరుపులను పైకి మోస్తూ బావ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అతని ఆపరేషను కోసం ఇల్లు బేరం పెట్టారు. ప్రింటింగు ప్రెస్సు పెట్టుకుంటానని ఒకాయన ముందుకొచ్చాడు గాని, బీమా కంపెనీ వాళ్ల గడప కొలత బాగుంటేనే కొంటానన్నాడు. ఇక్కడ మాత్రం కంట్రాక్టర్ని తిట్టడానికి కర్రాయనకి నోరు రాలేదు.

"రావయ్యా కొలతల దొరా! లోపలికి రావడానికి కూడా కర్ర ఊతం కావాలా?" అన్నాడు బావ కిటికీ పక్క మంచం మీంచి. చొక్కా ఎముకలకి తగిలించినట్టుంది. వేళ్లు మాత్రం ఇంకా దూది ఏకుతున్నట్టు దుప్పటి అంచు మీద కదులుతూనే ఉన్నాయి.

అక్క తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్లి గొంతు తగ్గించింది.

"ఒరే, పోయినసారి రాసిన అంకే రాసెయ్. సాయంత్రం ప్రెస్సాయన వస్తాడు. ఇల్లు పోతే పోయింది, మీ బావ దక్కుతాడు."

"అలాగే అక్కా."

మోకాలు పట్టుకుని కిందికి వంగాడు. తొమ్మిది అంగుళాలు. మళ్లీ కొలిచాడు. తొమ్మిదే. ఫోనులో ముప్పై అని నొక్కాడు. గోడ మీద నీటి చార నడుమెత్తున అలాగే ఉంది. మొన్న ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ప్రెస్సాయన కూతుళ్లు ఆ చార కింద కూర్చుని గవ్వలాడుకున్నారు. కర్రాయన ముప్పై చెరిపేశాడు. తొమ్మిది కొట్టి, మనసు మారకముందే పంపేశాడు.

"ఎంతొచ్చింది బావమరిదీ?"

"తొమ్మిది బావా. తొమ్మిదే పంపాను."



"మంచిపని చేశావ్. మనం మునిగింది చాల్లే," అన్నాడు బావ లోపల్నుంచి. "ఆ కిటికీ కాస్త దగ్గరగా వెయ్యి. ఎండ కళ్లల్లో పడుతోంది."

కర్రాయన బయటినుంచే రెక్క మూశాడు.

అక్క వంటింట్లోంచి టీ గ్లాసు తీసుకుని బావ దగ్గరికి వెళ్లింది. కేక వినపడలేదు. గ్లాసును మెల్లగా కింద పెట్టిన చప్పుడు, మంచం పట్టె కిర్రుమన్న చప్పుడు, అంతే. కర్రాయన గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె మొగుడి వేళ్లను దుప్పటి నుంచి ఒక్కొక్కటే విడదీస్తోంది. బావ పోయే వేళకే పోయాడో, తను చెప్పిన తొమ్మిది మాటతోనే పోయాడో కర్రాయనకి తేలలేదు.

సాయంత్రం ప్రెస్సాయన వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి, బేరం మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు. అక్క తమ్ముడి వంక చూడకుండానే అంది:

"అబద్ధం రాయడానికీ మా ఇల్లే దొరికింది, నిజం రాయడానికీ మా ఇల్లే దొరికింది నీకు."

రెండు చెంపలూ వాయించినా బాగుండేదనిపించింది అతనికి.

నెల తిరక్కుండానే ఆ తొంభై ఆరు గజాల ఇల్లూ పాత ఇనుము వ్యాపారికి సగం ధరకి పోయింది. అక్క తన కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, తమ్ముడికి చెప్పకుండానే. కిరాణా కొట్టతను చెప్తే కుంటుకుంటూనే పరుగున వచ్చాడు కర్రాయన. ముందుగది తలుపు తెరిచే ఉంది. లోపల ఊడ్చేసిన నేల. తలుపు చట్రానికి, బావ కింద కూర్చుంటే చేతికందే ఎత్తులో, పరుపులు కుట్టే దబ్బనం గుచ్చి ఉంది, బెజ్జంలో ఎక్కించిన మూరెడు దారంతో సహా.