అక్క నంబరు

కౌంటరు బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని నంబర్ల మాస్టారు కేబులు పీకి మళ్లీ గుచ్చాడు. ఆసుపత్రి నెట్‌వర్కులో ఏ కంప్యూటరుకు ఏ నంబరో కేటాయించడం ఆయన పని. ఆ పేరు అలా వచ్చింది. ఒకే నంబరు రెంటికి పడితే రెండూ మూగబోతాయి. నంబర్లన్నీ అంతస్తుల వారీగా వాటాలు వేసి ఉన్నాయి. కింది అంతస్తు వాటాలో ఈ కొత్త కంప్యూటరుకు ఇవ్వడానికి ఒక్కటీ మిగల్లేదు. నంబరు పడనిదే చీటీల యంత్రం కదలదు.

"ఇంకా ఎంతసేపు మాస్టారూ? జనం నన్ను పీక్కు తింటున్నారు," అంది చీటీలిచ్చే అమ్మాయి.

నడుం పట్టుకుని లేచి, మెట్లెక్కి డైరెక్టరు గదికి వెళ్లాడు. ఇది అడగడం మొదటిసారి కాదు.

"మీ అంతస్తులో ఉన్నవి నాలుగు కంప్యూటర్లు సార్. నంబర్లు ఊరికే పడున్నాయి. కొన్ని కిందికి మళ్లించనివ్వండి."

"అందరికీ సమానంగానే పంచాం కదయ్యా. రేపు మాకు అవసరమైతే?"

ఆ రేపు కోసం చూసి చూసి మాస్టారి జుట్టు నెరిసిపోయింది. పళ్లు కొరుక్కుంటూ దిగాడు.

"బిల్లుల గదిలో అక్కగారి కంప్యూటరు ఆపేసే ఉందిగా. ఆ నంబరు ఇచ్చెయ్యొచ్చుగా!" అంది అమ్మాయి.

"అది ఇవ్వను." గొంతు అనుకున్నదానికంటే గట్టిగా లేచింది.

ఆవిడ ఆయన తోడబుట్టిన అక్క. ఈ ఉద్యోగంలో చేర్చింది ఆవిడే. పెళ్లి చేసుకోని తమ్ముడికి తన కూతురితోపాటు ఇన్నేళ్లూ వండి పెట్టిందీ ఆవిడే. జబ్బు చేసి పై వార్డులో చేరుతూ, "నేనొచ్చేసరికి నా నంబరు ఇంకెవరికైనా అంటగట్టావో, చెవి మెలేస్తాన్రా," అంది.

మధ్యాహ్నం దాకా క్యూ తిడుతూనే ఉంది. తనను తాను తిట్టుకుంటూ, ఎవరూ వాడని నంబరు కోసం ఆయన గది గదీ తిరిగాడు. ఎక్స్‌రే గది ముందు వార్డు నర్సు ఎదురైంది.

"అన్నా, ఒకసారి పైకి రండి."

అక్క ముఖం మీదికి దుప్పటి కప్పి ఉంది. పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. మేనకోడలికి ఫోన్ చేస్తే, ఏడుస్తూనే, వచ్చేసరికి సాయంత్రమవుతుందంది. కిందికి దిగి, కౌంటరు ముందు కూర్చుని, అక్క నంబరు కొట్టాడు. చీటీల యంత్రం కదిలింది.

"ఎక్కడ దొరికింది మాస్టారూ?"

"ఖాళీ అయింది."

తర్వాత బిల్లుల గదికి వెళ్లి అక్క కంప్యూటరు కేబులు తీశాడు. కుర్చీలో ఆవిడ వేసుకునే మెత్త ఉంది, ఒక పక్కకు వాలిన గుంటతో.